గేదె ఒప్పుకోవాలి

మా సాగర్ ఊరి నుంచి రుద్రనాథ్ ఇరవై కిలోమీటర్లు.
దాదాపు అంతా ఎక్కుడే.
ఢిల్లీ వాళ్ళూ కోల్‌కతా వాళ్ళూ
మా అరుగు మీద కూర్చునే బూట్ల తాళ్ళు బిగించుకుంటారు,
"ఇంకెంత దూరం తల్లీ" అని నన్నే అడుగుతారు.
చెయ్యెత్తి చూపిస్తాను.
పుంగ్ పచ్చిక దాకా నాకు తెలుసు, గడ్డి కోసిన చోటు.
ఆ పైన నా వేలు చూపించేదంతా
విన్నమాటే.

పదకొండేళ్ళుగా బయల్దేరుతూనే ఉన్నాను.
ఒక ఏడు కజరీ చూడితో ఉంది.
మరో ఏడు ఈనింది.
ఇంకో ఏడు దూడ పోయి
గడ్డి కూరిన తోలు ముందు పెడితే తప్ప చేపలేదు.
వానకి కొండ జారి దారి పోయిన ఏడు మాత్రం
తప్పు గేదెది కాదు.

మా అత్త అనేది:
"చలికాలమొస్తే ఆయనే పల్లకీ ఎక్కి గోపేశ్వర్ దిగుతాడు,
మన వాకిట్లోంచే పోతాడు.
దానికోసం మోకాళ్ళు అరగదీసుకోవాలా?"
నిజమే.
కానీ ఏటా మన వాకిలి తొక్కిపోయే వాడింటికి
ఒక్కసారైనా వెళ్ళి రావొద్దూ?
చుట్టరికమన్నాక రాకపోకలుండాలి.

ఈసారి ముగ్గురం.
బిశేశ్వరి టార్చి తెస్తానంది, సురమా కర్పూరం మూట,
ఊపిరాడకపోతే వాసన చూడ్డానికి.
రాగిరొట్టెలు నావి. బెల్లం అరిసెలు ఎవరివో ఇంకా తేలలేదు,
ముగ్గురం చేసేట్టున్నాం.
మా ఆయన కుందన్ సింగ్
కరెంటు బిల్లు వెనక లెక్క కట్టాడు:
తెల్లారకముందే నడక, రాత్రికి పనార్,
మర్నాడు పితృధార్ దాటి గుడి,
మూడోనాడు చీకటి పడ్డాక ఇల్లు.
నేను చదివింది మాత్రం
ఐదు పూటల పాలు.

కజరీ నన్ను తప్ప ఎవర్నీ పొదుగు ముట్టనివ్వదు.
మా ఆయన ముంగాలి మీద మచ్చ అడగండి.
తోడికోడలు గోదాంబరి రెండు బకెట్లు ఒలకబోసుకుంది,
మూడోది సొట్టపడింది.
ఆ కొట్టంలోనే నా యాత్ర
మళ్ళీ ఆగిపోయేట్టుంది.

అప్పుడు బిశేశ్వరే అంది,
"నీ శాలువా దానికియ్యి."

తొమ్మిది చలికాలాల శాలువా.
పొయ్యి పొగ, పేడ, ఆవనూనె, నా మెడ చెమట,
ఎన్నిసార్లు ఉతికినా పోనివన్నీ అందులో ఉన్నాయి.
మంగళవారం సాయంత్రం
గోదాంబరి దాన్ని నెత్తి మీదుగా కప్పుకుని కూర్చుంది.
నేను కట్టెల మోపు వెనక దాక్కున్నాను,
దొంగలా, మా కొట్టంలోనే.
కజరీ తల తిప్పింది.
శాలువా కొంగు వాసన చూసింది.
నిట్టూర్చి
నెమరు మొదలెట్టింది.

మొదటి ధార బకెట్టు అడుగున మోగగానే
సురమా చప్పట్లు కొట్టింది.
నేనూ కొట్టాలి కదా.
చేతులు లేవలేదు.
ఇన్నాళ్ళూ అది చేపింది
నాకా, ఈ ఉన్ని ముక్కకా?

సరే, దారి దొరికింది.
శాలువా ఇక్కడే ఉంటుంది.
పైన చలికి మా ఆయన కోటు,
చేతులు మోచేతి దాకా మడవాలి.
మూటలో ఆఖరుగా ఒక రాయి పెట్టాను,
వాకిట్లో పల్లకీ ఆనేచోటు నుంచి ఏరింది.
పితృధార్ మీద పోయినవాళ్ళ పేర రాళ్ళు పేరుస్తారట.
వద్దన్న అత్తే
నా వీపు మీద ఎక్కి వస్తుంది.
దారంతా గొణుగుతుందని తెలుసు.

పడుకోబోయే ముందు
శాలువా లేకుండా కొట్టంలోకి వెళ్ళాను.
కజరీ మూతి చాచి
నా చేతిని చాలాసేపు వాసన చూసింది.
గుర్తుపట్టిందో లేదో తెలిసేదాకా
నేను అక్కడ నిలబడలేదు.
నాలుగింటికి లేవాలి.